బైక్ ముందు అద్దానికీ కొలత ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బైకుకు ముందు బిగించుకునే విండ్‌షీల్డ్ గురించి ఈ ఉత్తరం. బండితో పాటు కంపెనీ ఇచ్చేది కాదు, తర్వాత మనం విడిగా కొని పెట్టించుకునేది. ఇంత చిన్న వస్తువుకు ఇంత పొడుగు ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. ఆ అద్దం వల్ల నేనూ నా భార్యా ఎండాడ దగ్గర లారీ ముందు పడబోయి బతికాం. అదే రకం అద్దం కొలత చూసి పెట్టుకున్నాక, ఏళ్ల తరబడి నా చెవులను తినేస్తున్న గాలి హోరు బాగా తగ్గింది. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కడుందో నాకు కొన్న చోట చెప్పలేదు, బిగించిన చోట చెప్పలేదు. డబ్బాలో ఒక్క కాగితం కూడా లేదు. నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఎంతో మంది ఉన్నారు కాబట్టి మీ పత్రిక ద్వారా చెప్పాలనుకున్నాను.

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఇల్లు మద్దిలపాలెం. పందొమ్మిదేళ్లుగా ఇదే పని, బండి మీదే తిరుగుడు. వారంలో నాలుగు రోజులు పొద్దున్న ఐదున్నరకే బయలుదేరతాను. హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటి ఆనందపురంలో పూల మార్కెట్ పక్కన టీ తాగి, అక్కడి నుంచి ఒక రోజు విజయనగరం, ఒక రోజు తగరపువలస మీదుగా శ్రీకాకుళం. నెలకు రెండుసార్లు బొబ్బిలి, పార్వతీపురం. ఇప్పుడున్నది గుండ్రటి హెడ్‌లైటు ఉన్న 350 సీసీ బండి. ముందు ఏ అడ్డూ లేదు. గాలంతా ఛాతీ మీదే.

రెండేళ్ల కిందట ఎడమ చెవిలో గుయ్‌మని మోత మొదలైంది. రాత్రి ఫ్యాను ఆపితే మరీ తెలిసేది. విజయనగరంలో నేను కలిసే ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారినే అడిగాను. ఆయన పరీక్ష చేయించి, ఎడమ వైపు సన్నటి శబ్దాలు వినడం తగ్గిందని చెప్పి, "రోజుకు ఎన్ని గంటలు బండి మీద ఉంటారు?" అన్నారు. బండి మోత వల్లేమో అన్నాను. ఇంజన్ కాదు, హెల్మెట్ చుట్టూ తిరిగే గాలి అన్నారు. నేను నమ్మలేదు. హెల్మెట్ పెట్టుకున్నాక చెవులు మూసుకున్నట్టే కదా అనుకునేవాణ్ని.

తర్వాత చదివి తెలుసుకున్నాను. పనిచేసేవాళ్ల ఆరోగ్యం గురించి పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకే వినాలి. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం చొప్పున తగ్గిపోతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర ఒక్క గంట. హైవే మీద హెల్మెట్ లోపల గాలి హోరు 90 సులువుగా దాటుతుంది. నేను శ్రీకాకుళం వెళ్లి రావడానికే నాలుగైదు గంటలు. అలా పందొమ్మిదేళ్లు. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు వాడమనీ, గాలి నేరుగా తగలకుండా ఏదైనా ఏర్పాటు చేసుకోమనీ డాక్టరుగారు చెప్పారు. అలా కిందటి డిసెంబరులో విండ్‌షీల్డ్ కొన్నాను.

ఊళ్లో ఒక యాక్సెసరీస్ షాపులో మూడు రకాలు చూపించారు. ఏది మంచిదని అడిగితే, "ఎంత ఎత్తుంటే అంత మంచిది సార్, మొహానికి గాలే తగలదు" అన్నాడు కుర్రాడు. అన్నింటికంటే పెద్దది తీసుకున్నాను. 2,850 రూపాయలు. హ్యాండిల్‌కు రెండు క్లాంపులు, రెండు కడ్డీలు, నాలుగు బోల్టులు. మా వైపే ఉన్న ఒక మెకానిక్ దగ్గర పెట్టించాను. "ఏటీ లేదు సార్, పది నిమిషాల పని" అన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో పెట్టేసి, చేతి మరకలు పోవడానికి పెట్రోలు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. బండికి కొత్త కళ వచ్చింది. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ ఆదివారం సాయంత్రం నా భార్యను ఎక్కించుకుని ఎండాడలో చుట్టాలింటికి వెళ్లి తిరిగొస్తున్నాను. హైవే మీద యూటర్న్ తీసుకోవడానికి హ్యాండిల్‌ను కుడివైపు పూర్తిగా తిప్పాను. యాక్సిలరేటర్ మీద నా చెయ్యి కదల్లేదు. బండి దానంతట అది రైజ్ అయింది. ముందుకు దూకింది. క్లచ్ నొక్కాను, ఎడమ కాలు నేల మీద జారింది. నా భార్య నా భుజం పట్టుకుని "ఏమండీ!" అని అరిచింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేసి ఆపాడు. ఆయనెవరో కూడా చూడలేదు నేను. చేతులు వణుకుతూ బండిని పక్కకు తోసుకుపోయాను.

ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే కారణం కనబడింది. కుడి క్లాంపుకూ హ్యాండిల్‌కూ మధ్య యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుపోయి ఉంది. హ్యాండిల్ నిటారుగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. కుడికి పూర్తిగా తిప్పితే కేబుల్ ఆ ఇరుకులో లాగబడి, మనం పిడి తిప్పినంత పని అదే చేస్తుంది. క్లాంపు వదులు చేసి, కేబుల్‌ను బయట నుంచి మళ్లించి, మళ్లీ బిగించడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు.

మెకానిక్ సోదరులందరికీ నా మొదటి విన్నపం ఇదే. హ్యాండిల్‌కు ఏది బిగించినా, విండ్‌షీల్డే కాదు, ఫోన్ స్టాండు బిగించినా సరే, బండి స్టాండు వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ శబ్దం రవ్వంత మారినా బండి ఇవ్వకండి. ముందు బ్రేకు పైపు, క్లచ్ కేబుల్, లైటు వైర్లు లాగినట్టు అవుతున్నాయా, కడ్డీలు ట్యాంకుకు తగులుతున్నాయా, బ్రేకు మీద, హారన్ మీద వేళ్లు సరిగ్గా పడుతున్నాయా చూడండి. ఒక్క నిమిషం పని. ఆ మెకానిక్ మీద నాకు కోపం లేదు. పని తెలిసినవాడే. అతనికి ఆ డబ్బాలో ఎవరూ ఏమీ రాసి ఇవ్వలేదు. నేను వెళ్లి చూపిస్తే మాట్లాడకుండా తల పట్టుకున్నాడు.

భయం సంగతి అలా ఉంచితే, సోమవారం హైవే ఎక్కాక ఇంకో ఆశ్చర్యం. 50 వరకూ తేడా ఏమీ లేదు. 65 దగ్గర ఛాతీ మీద గాలి పూర్తిగా పోయింది. డిసెంబరు చలిలో ఆ పొద్దున ప్రాణం లేచొచ్చింది. ఆనందపురం దాటి 80 అందుకున్నానో లేదో, హెల్మెట్‌ను ఎవరో రెండు చేతులతో పట్టుకుని ఊపుతున్నట్టు మొదలైంది. హోరు తగ్గకపోగా పెరిగింది. అంతకుముందు గాలి ఒకే ధారగా తగిలేది, ఇప్పుడు దెబ్బలు దెబ్బలుగా తగులుతోంది. శ్రీకాకుళం చేరేసరికి మెడ పట్టేసింది, చెవిలో మోత రెట్టింపైంది. డబ్బులు పోయాయి సరే, ఉన్న చెవి కూడా పాడు చేసుకున్నానా అని టెన్షన్ పట్టుకుంది.

వదిలేయబుద్ధి కాలేదు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు మీద, ఆదివారం పొద్దున ఆరింటికి, ముందూ వెనకా బండి లేని చోట, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి నిలబడ్డాను. తల పైకి లేవగానే హోరు సగానికి పడిపోయింది. మళ్లీ కూర్చుంటే మళ్లీ మొదలు. మూడుసార్లు చేసి చూశాను. తలకు గాలి నేరుగా తగిలినప్పుడే శబ్దం తక్కువగా ఉంది, అద్దం వెనక దాక్కున్నప్పుడు ఎక్కువగా ఉంది.

మన తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద కూర్చుని అలలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అల వచ్చేటప్పుడు నునుపుగానే వస్తుంది. రాయిని గుద్దుకున్నాక పైకి లేచి, రాయి వెనక పల్లంలో పడి సుడులు తిరుగుతుంది. నురగంతా అక్కడే. అద్దం కూడా ఆ రాయిలాంటిదే. దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. పై అంచు మీద నుంచీ పక్కల నుంచీ వచ్చే గాలి ఆ ఖాళీలోకి మడత పడి సుడులవుతుంది. ఆ సుడులు పోయి తగిలే చోట మన తల ఉంటే హెల్మెట్ ఊగుతుంది. పైగా గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు. 40 దగ్గర ఉన్న తోపు 80 దగ్గర నాలుగింతలు. ఊళ్లో వేసుకుని చూసి బాగుందనుకున్న అద్దం హైవే మీద తన్నడానికి కారణం అదే.

అక్కడి నుంచి ఐదు ఆదివారాలు అదే రోడ్డు, అదే హెల్మెట్, అదే 80 వేగం, పొద్దున్న అదే ఆరింటికి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఏది అద్దం వల్లో ఏది గాలి వల్లో తేలదు కాబట్టి పొద్దున్నే వెళ్లేవాణ్ని. ఒకసారికి ఒక్కటే మార్చాలి అని నియమం పెట్టుకున్నాను. ఫోన్‌లో డెసిబెల్స్ చూపించే యాప్ పెట్టి చూశాను గానీ అది పనికిరాలేదు. గాలి నేరుగా మైకుకు తగిలి ఏ అంకె పడితే ఆ అంకె చూపిస్తోంది. చివరకు పదికి ఎన్ని మార్కుల హోరు అని నేనే నోటుబుక్కులో వేసుకున్నాను. అసలు అద్దం లేకుండా ఆరు. షాపులో పెట్టించినట్టే ఉంచితే ఎనిమిది.

ముందు ఎత్తు చూశాను. బండి మీద మామూలుగా ఎలా కూర్చుంటానో అలా కూర్చుని, నా భార్యను పక్క నుంచి చూడమన్నాను. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. అద్దం పై అంచు సరిగ్గా నా కళ్ల ముందుకు వచ్చింది. అంటే రోడ్డును అంచు రెండు ముక్కలుగా కోసి చూపిస్తోంది. ముక్కు కొనకూ గడ్డానికీ మధ్య ఉండాలి పై అంచు. మన చూపు అద్దం పై నుంచి పోవాలి, అద్దంలోంచి పోకూడదు. కారు అద్దానికి వైపర్ ఉంటుంది, దీనికి ఉండదు. వాన చినుకులు, ఎదురు లైట్లు, గీతలు, అన్నీ కలిసి రాత్రిపూట అద్దం తెల్లటి తెరలా అయిపోతుంది.

మాస్కింగ్ టేపు అంటించి పెదవి ఎత్తులో గీత గీసుకున్నాను. సన్న పళ్ల యాక్సా బ్లేడుతో నెమ్మదిగా 7 సెంటీమీటర్లు కోసేశాను. అంచును ఆకురాయితో, తర్వాత నీళ్లు చల్లుకుంటూ ఎమరీ కాగితంతో నునుపు చేశాను. కొత్త వస్తువును కోస్తుంటే బాధగానే ఉంది. ఆ ఆదివారం హోరు ఏడుకు దిగింది. తర్వాతి వారం కింద అంచు వైపు చూశాను. అద్దం హెడ్‌లైట్‌కు ఆనుకుని, కింద నుంచి గాలి దూరే సందే లేకుండా ఉంది. కడ్డీల దగ్గర సర్ది రెండు వేళ్ల సందు వదిలాను. ఆ సందులోంచి వచ్చిన గాలి అద్దం వెనక ఖాళీని నింపుతుంది, పై నుంచి మడత పడే గాలి తగ్గుతుంది. ఏడు నుంచి ఒక్కసారిగా ఐదుకు వచ్చింది. అన్నింటికంటే ఎక్కువ తేడా కనబడింది ఇక్కడే, దీనికి పైసా ఖర్చు కాలేదు. ఆ తర్వాత నిటారుగా ఉన్న అద్దాన్ని నా వైపు కొంచెం వాల్చాను. నాలుగు. ఇంకా వాల్చితే మళ్లీ పెరిగింది, వెనక్కి తెచ్చేశాను.

నా ఒక్కడికి బాగుంటే చాలదు. వెనక కూర్చునే మనిషి నాకంటే ఎత్తులో కూర్చుంటుంది. నేను తప్పించుకున్న గాలి ఆమె హెల్మెట్‌కు తగులుతోందని నా భార్య చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆమెను ఎక్కించుకుని మళ్లీ ఒక ఆదివారం వెళ్లాం. కొంచెం సర్దాక ఆమెకూ ఓర్చుకోగలిగేంతకు వచ్చింది గానీ, నాకు తగ్గినంత తగ్గలేదు. రోజూ పిల్లల్నో భార్యనో ఎక్కించుకుని తిరిగేవాళ్లు వాళ్లను అడక్కుండా పెట్టించుకోవద్దు.

విశాఖలో ఉండేవాళ్లకు ఇంకో సంగతి ముఖ్యం. రుషికొండ దాటి మంగమారిపేట, భీమిలి వైపు మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. సముద్రం మీద నుంచి గాలి అడ్డంగా కొడుతుంది. హ్యాండిల్‌కు బిగించిన అద్దం తెరచాపలా పనిచేసి ఆ తోపును నేరుగా హ్యాండిల్‌కే ఇస్తుంది. పెద్ద అద్దంతో ఒకసారి వెళ్లినప్పుడు ముందు చక్రం తేలికైపోయినట్టు, బండి నా మాట విననట్టు అనిపించింది. హైవే మీద పెద్ద కంటైనర్ లారీ దాటి వెళ్లేటప్పుడు కూడా అంతే, ముందు బయటకు తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. కోసి చిన్నది చేశాక ఇదీ తగ్గింది, పూర్తిగా పోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు గాలికి రేకులు ఎలా ఎగిరాయో చూసిన ఊరు మనది. వాయుగుండం అన్న వార్త వస్తే నేను ముందు అద్దం విప్పేసి ఇంట్లో పెడతాను. విప్పడానికి వీలుగా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

ఇక ఆ మొదటి అద్దం ఎక్కువ కాలం నిలవలేదు. పెట్రోలు గుడ్డతో తుడిచారని చెప్పాను కదా. నెల తిరగకుండా బోల్టు రంధ్రాల చుట్టూ సాలెగూడు లాంటి సన్న పగుళ్లు కనబడ్డాయి. గ్లాసు అని అందరం అంటాం గానీ అది ప్లాస్టిక్. ఎక్కువగా రెండు రకాలు దొరుకుతాయి. అక్రిలిక్ గట్టిగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి, దెబ్బ తగిలితే ముక్కలవుతుంది. పాలీకార్బొనేట్ అంత సులువుగా పగలదు, కానీ పైన పూత లేకపోతే గీతలు త్వరగా పడతాయి, ఎండకు పసుపు రంగుకు తిరుగుతుంది. పెట్రోలు రెంటికీ పడదు. అమ్మోనియా కలిసిన కిటికీ అద్దాల లిక్విడ్ కూడా పడదు. బోల్టు ఊడిపోకుండా మరలకు పూసే జిగురు పాలీకార్బొనేట్‌కు తగిలితే పగుళ్లొస్తాయి. బోల్టును బలం కొద్దీ బిగించినా అంతే. ప్లాస్టిక్‌కూ ఇనుముకూ మధ్య రబ్బరు బుష్, పైన నైలాన్ వాషర్ ఉండాలి. రబ్బరు కొంచెం నొక్కుకునేంత బిగిస్తే చాలు. వారం తర్వాత ఒకసారి స్పానర్ పెట్టి చూసుకోవాలి.

ఫిబ్రవరిలో రెండోది కొన్నాను. ఈసారి టేపుతో కొలిచి, పాలీకార్బొనేట్ అని డబ్బా మీద రాసి ఉన్నది, గీతలు పడకుండా పూత ఉన్నది చూసి తీసుకున్నాను. దానితో వచ్చిన బోల్టులు పక్కన పడేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను. మన ఉప్పు గాలికి మామూలు ఇనుప బోల్టు మూడు నెలలు ఆగదు. మొదటిదాని బోల్టుల నుంచి తుప్పు కారి హెడ్‌లైట్ మీద చారలు కట్టింది. బీచ్ రోడ్డు దగ్గర, ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్లకు పొద్దున్నే అద్దం మీద ఉప్పు పొర కనబడుతుంది. దాన్ని పొడి గుడ్డతో తుడవకండి. ఇసుక రేణువులు గీసేస్తాయి. నేను ఆనందపురంలో టీ తాగేలోపు తడి గుడ్డ అద్దం మీద కప్పి ఉంచుతాను. ఉప్పూ, అంటుకున్న పురుగులూ నానిపోతాయి. తర్వాత నీళ్లు పోసి మెత్తగా తుడిస్తే చాలు.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ సగం వరకూ నేను దాన్ని తీసేశాను. మన ఊరి ఉక్కపోతలో ఛాతీకి గాలి తగలకపోతే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, గంటకే నీరసం వస్తుంది. ఆ నెలల్లో చెవి ప్లగ్గులతోనే సరిపెట్టుకున్నాను. వాన మొదలయ్యాక మళ్లీ పెట్టాను. మైలేజీ పెరుగుతుందని కొందరు అంటారు. మూడు ట్యాంకులు లెక్క వేసి చూశాను, నా బండికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెవిలో మోత పోలేదు, పోయే జబ్బు కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. కానీ పెరగడం ఆగింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన రోజు రాత్రి కూడా నిద్ర పడుతోంది.

ఇప్పుడు నా అభ్యర్థనలు. హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణంతో ఐఎస్ఐ గుర్తు 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి చేశారు. అది చూసి కొనుక్కోవడం జనం నేర్చుకున్నారు. నేను మొదట కొన్న అద్దం డబ్బా మీద ఎత్తు లేదు, మందం లేదు, ఏ ప్లాస్టిక్కో లేదు. ఈ మూడూ రాయకుండా అమ్మవద్దని షాపుల వాళ్లను కోరుతున్నాను. బిగించే పద్ధతి ఒక్క పేజీ తెలుగులో వేయండి. ప్రతి షాపులో ఒక నమూనా అద్దం ఉంచి, కొనేవాణ్ని బండి మీద కూర్చోబెట్టి ఎత్తు చూపించండి. చెప్పులు కూడా కాలికి వేసి చూడనిదే కొనం కదా. నల్ల రంగువీ పొగ రంగువీ కుర్రాళ్లకు అంటగడుతున్నారు, చూపుకు అడ్డొచ్చే ఎత్తులో అవి చాలా ప్రమాదం.

రవాణా శాఖ వారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. విప్పి తీసేయగలిగే విండ్‌షీల్డ్ విషయంలో ఏది పెట్టుకోవచ్చు, ఏది కూడదు అన్నది మామూలు మనిషికి అర్థమయ్యేలా తెలుగులో ఒక ప్రకటన ఇస్తే మాకూ ట్రాఫిక్ పోలీసులకూ వాదన తప్పుతుంది. ఈలోగా నేను పాటిస్తున్నది ఇది: బండికి ఎక్కడా కొత్త రంధ్రం పెట్టను, హెడ్‌లైటునూ ఇండికేటర్లనూ కదపను, ముందు నంబరు ప్లేటు మూయను.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. కొత్త బండి వచ్చినప్పుడు ధర, మైలేజీ, రంగులు రాస్తారు. బండికి తర్వాత తగిలించే వస్తువుల గురించి కూడా రాయించండి. రాసే ముందు ఒక పొడుగు మనిషినీ ఒక పొట్టి మనిషినీ వెనక ఒకరినీ ఎక్కించి, ఊళ్లో కాకుండా హైవే మీద నడిపి చూసి రాయించండి.

ఈ ఉత్తరం మొదలుపెట్టిన కారణం చెప్పి ఆపుతాను. మొన్న గురువారం రాత్రి తొమ్మిదింటికి, సన్నగా వాన పడుతుండగా, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర భోజనం డెలివరీ చేసే ఒక కుర్రాడు నా పక్కన ఆగాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. అతని బండికి నేను మొదట కొన్నంత పెద్ద అద్దం. నిండా గీతలు, పైన చినుకులు, ఎదురు బస్సు లైటు పడి మొత్తం తెల్లగా మెరుస్తోంది. అతను ఆ తెలుపులోంచి చూడలేక పక్కకు మెడ చాపి రోడ్డు చూస్తున్నాడు. సిగ్నల్ దాటాక పక్కకు ఆపమని అడిగాను. "షాపులో ఇలాగే పెట్టారు సార్, వానకు మంచిదన్నారు" అన్నాడు. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూశాం, కేబుళ్లు బాగానే ఉన్నాయి. బ్యాగులో మాస్కింగ్ టేపు ఉంటే అద్దాన్ని రుమాలుతో తుడిచి, అతన్ని బండి మీద కూర్చోబెట్టి, పెదవి ఎత్తులో అంటించాను. పార్సిల్ ఆలస్యమవుతోందని తొందరపడుతూనే ఓపిగ్గా కూర్చున్నాడు. ఆదివారం పొద్దున డ్యూటీ మొదలయ్యేలోపు మా ఇంటికి వస్తానన్నాడు. బ్లేడూ ఆకురాయీ తీసి వరండాలో పెట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక మెడికల్ రిప్రజెంటేటివ్,
మద్దిలపాలెం, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)